చించిల్లాల పోరు: బెల్లాన్నీ మిరియాన్నీ ఎప్పుడు విడదీయాలి, ఎలా కలపాలి?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి ముచ్చటపడితే దట్టమైన బొచ్చుండే, ఎలుక జాతికి చెందిన రెండు చించిల్లాలను పెంచుతున్నాం. నల్లగా ఉండే మిరియానికి నాలుగేళ్లు. లేత గోధుమరంగు బెల్లాన్ని మూడు నెలల పిల్లగా తెచ్చాం, ఇప్పుడు దానికి ఎనిమిది నెలలు. రెండూ ఆడవేనని అమ్మినవాళ్లు చెప్పారు. మొదట్లో ఒకదాన్నొకటి అతుక్కుని పడుకునేవి. నెల రోజుల నుంచి మిరియం వెనక కాళ్ల మీద లేచి బెల్లం మీదికి మూత్రం చిమ్ముతోంది, తరుముతోంది. బెల్లం మాత్రం పాపం ప్రేమగా దాని వీపు మీదికి ఎక్కబోతుంది. మొన్న తెల్లవారి చూస్తే పంజరం నిండా బొచ్చు, బెల్లం చెవి అంచు చిరిగి రక్తం. ‘అవే సర్దుకుంటాయి, మనం మధ్యలో వెళ్లకూడదు’ అని మా వారు అంటున్నారు. మిరియాన్ని ఎవరికైనా ఇచ్చేయాలా? ఆపరేషన్ చేయిస్తే కోపం తగ్గుతుందా? డిసెంబరులో హైదరాబాద్ వెళ్తున్నాం, ఈలోగా రెండూ కలిసిపోతే బాగుండునని ఉంది. చెవి గాయానికి ఇండియా నుంచి తెచ్చుకున్న అమాక్సిసిలిన్ కొద్దిగా ఇవ్వవచ్చా?

సమాధానం: మీరు చివర అడిగినదానికే ముందుగా జవాబు చెప్పాలి, ఎందుకంటే అందులో ఆలస్యం ప్రమాదకరం. అమాక్సిసిలిన్‌ను ఏ మోతాదులోనూ నోటి ద్వారా ఇవ్వకండి. చించిల్లా గడ్డి తిని బతికే జంతువు, ఆ గడ్డిని జీర్ణం చేసేది దాని పేగుల్లోని సూక్ష్మజీవులే. పెన్సిలిన్ జాతి మందులు, లింకోమైసిన్, క్లిండామైసిన్ వంటివి కడుపులోకి వెళ్తే ఆ మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించే రకాలు పెరిగి, మామూలు చెవి గాయంతో బయటపడవలసిన జంతువు విరేచనాలతో చనిపోయే అవకాశం ఉంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో మందుల పట్టీలు సర్దుకుని రావడం మనవాళ్ల ఇళ్లలో మామూలే కానీ, వాటిలో ఏదీ ఈ జంతువు దగ్గరికి రాకూడదు. గాయాన్ని స్టెరైల్ సెలైన్‌తో తుడవండి, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. పుండు ఎండేదాకా ధూళి స్నానం, అంటే ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి అవి మెత్తని ధూళిలో దొర్లడం, ఆపండి. కుక్కలు, పిల్లులు మాత్రమే చూసే వెట్ (పశువైద్యుడు) దగ్గరికి కాకుండా, ఇలాంటి అరుదైన పెంపుడు జంతువులను, అంటే ఎగ్జాటిక్ జంతువులను చూసే వెట్ దగ్గరికి రెండింటినీ ఈ వారంలోనే తీసుకువెళ్లండి. రెండింటినీ అని ఎందుకు అంటున్నానంటే, చెవి చిరుగు కంటికి కనిపించింది గానీ, ఆ దట్టమైన బొచ్చు కింద మిరియానికి పంటిగాట్లు పడి ఉంటే మీకు కనిపించవు. బొచ్చును నోటితో మెల్లగా ఊదితే చర్మం కనిపిస్తుంది. నడుము, తొడలు, కాలివేళ్లు, మర్మావయవాల చుట్టూ అలా ఊది చూడండి. పంటిగాటు పైకి మూసుకుపోయి, లోపల చీము గడ్డకట్టి, కొన్ని రోజుల తర్వాత గడ్డగా తేలడం ఈ జంతువుల్లో తరచుగా జరిగేదే.

రెండోది, ఈ ఉత్తరం చదివేసరికి ఇంకా అవి ఒకే పంజరంలో ఉంటే ఈ రాత్రికే విడదీయండి. రక్తం చూసిన తరువాత ‘ఇంకొక్క రోజు చూద్దాం’ అనేది ఉండకూడదు. వేరే పంజరం వెంటనే దొరకకపోతే, పెద్ద పెట్ క్యారియర్ అయినా ఒకటి రెండు రోజులకు సరిపోతుంది. రెండు పంజరాలనూ ఒకే గదిలో పెట్టండి కానీ మధ్యలో కనీసం 10, 15 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, ఎందుకంటే ఊచలకు వేళ్లు ఆనించి నిలబడ్డప్పుడు అవతలిది ఆ వేళ్లను కొరికేయగలదు. ఇంకెప్పుడైనా అవి కలబడడం మీ కళ్లముందే జరిగితే చేయి మాత్రం పెట్టకండి. పళ్లు ఎముకదాకా దిగుతాయి. దళసరి తువ్వాలు వాటి మీద వేయండి, లేదా చెత్త ఎత్తే చేటను మధ్యకు దూర్చండి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం నిండా మిరియమే దుర్మార్గురాలు, బెల్లం అమాయకురాలు. మీరు వర్ణించిన చేష్టలనే మరోసారి వరుసగా చదివితే నాకు వేరే కథ కనిపిస్తోంది. ఆడ చించిల్లా వెనక కాళ్ల మీద లేచి మూత్రం చిమ్మడం దాడి కాదు, దాడిని ఆపే హెచ్చరిక. తన జోలికి వస్తున్నదాన్ని కరవకుండా దూరంగా ఉంచడానికి దానికి ఉన్న సాధనం అది. పళ్లు టకటకలాడించడం, గొంతులోంచి ‘ఖ్యాక్, ఖ్యాక్’ మని అరవడం కూడా ఆ కోవలోవే. మరోవైపు, ఒక చించిల్లా మరొకదాని వీపు మీదికి ఎక్కడాన్ని మీరు ప్రేమ అనుకున్నారు. లైంగిక కారణం లేనప్పుడు అది పెత్తనం చాటుకునే ప్రయత్నం, ఆడవి ఆడవాటి మీద కూడా ఎక్కుతాయి. అంటే, ఎనిమిది నెలల పిల్ల పెద్దదాని స్థానాన్ని పదే పదే పరీక్షిస్తోంది, పెద్దది వద్దని ఎన్నో విధాలుగా చెప్పింది, ఒక రాత్రి ఓపిక నశించి కరిచింది. గాయపడిందే గొడవ మొదలుపెట్టి ఉండవచ్చు. మీరు చూడని రాత్రి గురించి నేను ఇంతకంటే గట్టిగా చెప్పలేను గానీ, మిరియాన్ని ఇంట్లోంచి పంపేయాలన్న ఆలోచనను మాత్రం ఈ సాక్ష్యంతో చేయకండి.

మూడు నెలల పిల్లగా వచ్చినప్పుడు గొడవ లేకపోవడం, ఇప్పుడు రావడం కూడా ఇందుకు సరిపోతోంది. చిన్నపిల్లలను పెద్ద చించిల్లాలు సాధారణంగా సహిస్తాయి, ఎందుకంటే పిల్ల ఎవరి స్థానానికీ పోటీ కాదు. చించిల్లాలు ఇంచుమించు ఎనిమిది నెలల వయసులో ఈడేరుతాయి. అప్పటిదాకా కలిసి పడుకున్న జంటల్లో కూడా ఈ దశలో తగాదాలు మొదలవుతాయి. పైగా ఈ జాతిలో ఆడవి మగవాటికంటే పెద్దవి, కోపం కూడా వాటికే ఎక్కువ. బొచ్చు కోసం వీటిని పెంచిన ఫారాల్లో ఈ సంగతి బాగా తెలిసినవాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. వరుసగా ఉన్న పంజరాల్లో ఒక్కొక్క ఆడదాన్ని ఉంచి, వాటి వెనక మగదాని కోసం ఒక సన్నని దారి పెట్టి, ఆడవాటి మెడకు ద్వారంలో పట్టని వెడల్పు పట్టీ వేసేవారు. మగది ఏ పంజరంలోకైనా వెళ్లగలదు, తరిమితే మళ్లీ దారిలోకి దూకి ప్రాణం దక్కించుకోగలదు, ఆడది మాత్రం వెంటపడి రాలేదు. ఆ వ్యాపారాన్ని నేను సమర్థించను. కానీ ఓడిన జంతువుకు పారిపోయే దారి ఉండాలన్న తెలివి మనం ఇళ్లలో కొని పెట్టుకునే పంజరాల్లో చాలాసార్లు లోపిస్తోంది.

మీ వారి అభిప్రాయానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. చించిల్లాలు చిలీ దేశపు ఆండీస్ పర్వతసానువుల్లో రాళ్ల సందుల్లో గుంపులుగా బతికే జంతువులు. 1923లో మథయాస్ చాప్‌మన్ అనే అమెరికన్ గనుల ఇంజనీరు పదకొండింటిని కాలిఫోర్నియాకు తీసుకువచ్చారు, ఇవాళ అమెరికా ఇళ్లలో పెరిగేవాటిలో చాలావరకు వాటి సంతతే. అంటే పెంపుడు జంతువుగా దీని చరిత్ర నూరేళ్లకు కాస్త ఎక్కువ, కుక్కలా వేల ఏళ్ల సావాసం కాదు, కొండ మీది అలవాట్లు ఏమీ పోలేదు. ఆ కొండ మీద ఓడినది పది గెంతుల్లో మరో రాతి సందులోకి చేరుకుంటుంది, గెలిచినది అంతటితో వదిలేస్తుంది, తగాదా ముగుస్తుంది. పంజరంలో ఓడినది ఎక్కడికి పోయినా గెలిచినదాని ఎదుటే ఉంటుంది. ‘అవే సర్దుకుంటాయి’ అన్నమాట కొండ మీద నిజం, మూడడుగుల పంజరంలో సగం నిజం.

సగం నిజం అని ఎందుకంటున్నానంటే, ప్రతి చిన్న గొడవకూ విడదీసే యజమానులు కూడా జంటలను పాడుచేస్తారు. కాసేపు తరుముకోవడం, వీపు మీదికి ఎక్కడం, ఎక్కినదాన్ని విదిలించుకోవడం, మూత్రం చిమ్మడం, నోటితో ఒకటి రెండు పోచలు లాగడం, అరుచుకోవడం, ఇవన్నీ ఎవరి స్థానం ఏమిటో తేల్చుకునే సంభాషణలు, తేలాక తగ్గిపోతాయి. మధ్యలో ఆపితే తేలకుండానే మిగిలిపోయి మర్నాడు మళ్లీ మొదలవుతాయి. ఆగకుండా తరమడం, మూలకు నెట్టి కదలనివ్వకపోవడం, బొచ్చు కుచ్చులుగా ఎగరడం, రెండూ కలిసి బంతిలా దొర్లడం, రక్తం, ఇవి సంభాషణలు కావు. ఈ రెండింటికీ నడుమ ఇంకొక స్థితి ఉంది, నా దృష్టిలో ఎక్కువ నష్టం చేసేది అదే, ఎందుకంటే అందులో చప్పుడు ఉండదు. ఒకటి గడ్డి దగ్గరా నీళ్ల సీసా దగ్గరా ఊరికే కూర్చుని ఉంటుంది, రెండోది కింది అరలో వీపు గూనిచేసుకుని ఎదురుచూస్తుంది. కొట్లాట లేదు కాబట్టి అంతా బాగుందనుకుంటాం. ఆ రెండోది మాత్రం రోజురోజుకూ తరిగిపోతుంటుంది.

అందుచేత పెత్తనం ఎవరిది అన్న ప్రశ్నను వదిలేయండి. ఎవరో ఒకరిది అవుతుంది, దాన్ని మనం మాన్పించలేము, మాన్పించనక్కరలేదు. చూడవలసిందల్లా కింద ఉన్నది తింటోందా, నిద్రపోతోందా, బరువు నిలుపుకుంటోందా అన్నదే. వంటింట్లో పిండి తూచే డిజిటల్ స్కేలు ఇందుకు చాలు. రెండింటినీ విడివిడిగా, రోజూ ఒకే వేళకు తూచి రాసిపెట్టుకోండి. పెరిగిన చించిల్లా 400 నుంచి 600 గ్రాములు ఉంటుంది, ఆడవి ఇంకా ఎక్కువ కూడా తూగుతాయి. రోజుకు అయిదారు గ్రాములు అటూ ఇటూ కావడం పెద్ద విషయం కాదు, కానీ 500 గ్రాముల జంతువు 50 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదోవంతు పోయినట్టు. అంతదాకా ఆగకుండా, అంకెలు వరుసగా కిందికి జారుతున్నప్పుడే మేలుకోండి. రోజంతా మేత ముట్టకపోయినా, పెంటికలు చిన్నవైపోయినా, తగ్గిపోయినా అది అత్యవసర పరిస్థితి, వీటి పేగులు ఆగిపోతే మళ్లీ కదిలించడం కష్టం.

బొచ్చు గురించి ఒక మాట. పంజరం నిండా బొచ్చు చూసి మీరు హడలిపోయి ఉంటారు. శత్రువు నోటికి చిక్కినప్పుడు ఆ చోట బొచ్చును ఒక్కసారిగా వదిలేసి తప్పించుకోవడం చించిల్లాకు పుట్టుకతో వచ్చిన రక్షణ. అలా వదిలిన చోట చర్మం నున్నగా, గాయం లేకుండా ఉంటుంది, కొన్ని నెలల్లో తిరిగి మొలుస్తుంది. దానికి మందేమీ అక్కరలేదు. బొచ్చు ఊడకుండా, కత్తెరతో కత్తిరించినట్టు పొట్టిగా కనిపిస్తే మాత్రం అది కొరుకుడు అలవాటు. అది పక్కదాని పని కావచ్చు, ఒత్తిడితో తనకు తాను చేసుకున్నదీ కావచ్చు. మెడ వెనక, తల మీద కత్తిరించి ఉంటే మరొకదాని పనే, ఎందుకంటే అక్కడికి దాని నోరు అందదు.

వెట్ దగ్గరకు వెళ్లినప్పుడు తప్పక అడగవలసిన విషయం, బెల్లం నిజంగా ఆడదేనా అన్నది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆడ చించిల్లాకు మూత్రద్వారం దగ్గర శంకువులాంటి కండ ఉంటుంది, చూడడానికి మగ అవయవంలాగే కనిపిస్తుంది. మగవాటికి బయటికి వేలాడే వృషణాల తిత్తి ఉండదు. అందుకే దుకాణాల్లో మగను ఆడ అనీ, ఆడను మగ అనీ చెప్పి అమ్మడం మామూలైపోయింది. తేడా తెలిసేది ఆ కండకూ మలద్వారానికీ మధ్య దూరంలో. ఆడదానిలో అవి రెండూ ఆనుకున్నట్టే ఉంటాయి, మగదానిలో మధ్యన వెంట్రుకలు లేని చర్మం స్పష్టంగా కనిపిస్తుంది. ఎనిమిది నెలల వయసులో పదే పదే వీపెక్కుతున్న ‘ఆడది’ మగదై ఉంటే మీ ఇంటి లెక్కలన్నీ మారిపోతాయి. మిరియం ఇప్పటికే చూలుతో ఉండవచ్చు. వీటి గర్భకాలం సుమారు 111 రోజులు, ఇంత చిన్న జంతువుకు అది చాలా ఎక్కువ. పిల్లలు కళ్లు తెరుచుకుని, ఒంటి నిండా బొచ్చుతో పుడతాయి. ఈనిన వెంటనే తల్లి మళ్లీ చూలు కట్టగలదు కాబట్టి ఈనేలోగా మగదాన్ని తప్పనిసరిగా వేరుచేయాలి. చూలుతో ఉన్నదీ, పిల్లలు ఉన్నదీ ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం సహజం. మగదని తేలితే దానికి బీజాలు తీయించడం సాధ్యమే, కానీ ఆపరేషన్ తరువాత కూడా కొన్ని వారాలపాటు అది పిల్లలను కనే శక్తితోనే ఉంటుంది, వెట్ చెప్పేదాకా కలపకూడదు.

రెండూ ఆడవేనని తేలితే, కోపం తగ్గించడానికి మాత్రమే గర్భసంచి తీసే ఆపరేషన్ చేయించమని నేను చెప్పను. అది పొట్ట కోసే పెద్ద ఆపరేషన్, మత్తు ప్రమాదం ఉంది, చేయించినా ప్రవర్తన మారుతుందన్న భరోసా లేదు. గర్భసంచిలో చీము వంటి జబ్బు ఉంటే అది వేరే మాట. ఆడవాటి ఋతుచక్రం సాధారణంగా 30 నుంచి 50 రోజులు. గొడవ జరిగిన తేదీలను క్యాలెండరు మీద గుర్తు పెడితే, అవి ఆ చక్రంతో కలిసి వస్తున్నాయేమో మూడు నాలుగు నెలల్లో మీకే తెలుస్తుంది, వస్తున్నాయంటే ఆ కొన్ని రోజులు విడిగా ఉంచితే సరిపోవచ్చు. మిరియం పళ్లు కూడా చూపించండి. చించిల్లా పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, దవడ పళ్లు సరిగా అరగక మొనతేలి నాలుకకో బుగ్గకో గుచ్చుకుంటుంటే, లేదా పంటి వేళ్లు ఎముకలోకి పెరుగుతుంటే, ఆ నొప్పిని అది దాచుకుంటుంది. కళ్లు నీరు కారడం, గడ్డం తడిగా ఉండడం, గట్టి మేత వదిలేసి మెత్తనిది ఏరుకోవడం దీనికి ఆనవాళ్లు. నాలుగేళ్లదాకా శాంతంగా ఉన్న జంతువు ఉన్నట్టుండి చిరాకుపడుతుంటే, స్వభావం మారిందనుకునే ముందు నొప్పి లేదని తేల్చుకోవడం న్యాయం.

ఇప్పుడు పంజరం సంగతి. కొలతలు మీరు రాయలేదు. రెండింటికి కనీసం మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగైదు అడుగుల ఎత్తు ఉండాలని నా సలహా. కానీ కొలతలకంటే లోపలి అమరికే ముఖ్యం. ఒకే ద్వారమున్న చెక్క గూడు జంటగా ఉన్న చించిల్లాలకు ఉచ్చు వంటిది, లోపలికి తరిమినది ద్వారంలో నిలబడితే లోపల ఉన్నదానికి కరిపించుకోవడం తప్ప దారి లేదు. ప్రతి గూటికీ రెండు ద్వారాలుండాలి, లేకుంటే దాన్ని తీసేయండి. గడ్డి తొట్లు రెండు, పెల్లెట్ల (గుళికల మేత) గిన్నెలు రెండు, నీళ్ల సీసాలు రెండు పెట్టండి, అవి ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఒకటి పై అంతస్తులో, ఒకటి కింద, ఒకటే జంతువు రెండింటికీ కాపలా కాయలేనంత దూరంలో ఉండాలి. పరుగు చక్రం ఒక్కటే ఉంటే దాని కోసమే సగం గొడవలు జరుగుతాయి. ఇంకొకటి కొనడమో, ఉన్నది తీసేయడమో చేయండి. అరలను మెట్లలా కాకుండా అటొకటి ఇటొకటిగా బిగిస్తే, తరిమేది పైన ఉన్నా కింది నుంచి వేరే వైపుగా జారుకునే దారి ఉంటుంది.

టెక్సాస్ ఎండల్లో ఇంకొక పోటీ వస్తుంది. వీటికి వేడి ఓర్చుకునే శక్తి లేదు, గది వేడి 24 డిగ్రీల సెల్సియస్, అంటే మీ థర్మోస్టాట్ మీద 75 ఫారెన్‌హీట్ దాటకూడదు. ఉక్కపోత తోడైతే వడదెబ్బకే చనిపోతాయి. పగలు ఆఫీసులకు వెళ్తూ కరెంటు బిల్లు కోసం ఏసీని 80కి పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే మానేయండి. చల్లదనం కోసం లోపల పెట్టే గ్రానైట్ పలక కూడా ఒక్కటే ఉంటే, బలమైనదే దాని మీద పడుకుంటుంది, రెండోది వేడికి బాధపడుతుంది. అది కూడా రెండు ఉండవలసిన వస్తువే. మీ అమ్మాయి చేత్తో ఎండుద్రాక్ష, జీడిపప్పు తినిపిస్తుంటే ఆపించండి. ఆ తీపీ కొవ్వూ ఈ పేగులకు పడవు, పైగా చేతి దగ్గర తోపులాట నేర్పేది ఆ ముద్దే. ఒకటి తప్పు చేసిందని తిట్టడం, ముక్కు మీద కొట్టడం, ముఖం మీద ఊదడం కూడా వద్దు. శిక్షకూ తన పనికీ సంబంధం దానికి తెలియదు, మీ చేయంటే భయం మాత్రం మిగులుతుంది.

ఇక కలపడం. పుండు పూర్తిగా మాని, వెట్ పరీక్షలు అయ్యాక, కనీసం రెండు మూడు వారాల తరువాతే ఆ ఆలోచన మొదలుపెట్టండి. ఇంతకు ముందు స్నేహంగా ఉన్నాయి కదా అని నేరుగా కలిపితే పాత తగాదా మొదటి నిమిషంలోనే గుర్తుకొస్తుంది, వీటిని ఒకదానికొకటి కొత్తవి అన్నట్టే పరిచయం చేయాలి. చించిల్లా ఎదుటిదాన్ని గుర్తుపట్టేది ముఖ్యంగా వాసనతో. కాబట్టి ముందు వాసనలు కలపండి. ఒకదాని పంజరంలోని చెక్క అరను, ఫ్లీస్ గుడ్డను రెండోదానిలో పెట్టండి, ఒకే ధూళి స్నానపు గిన్నెలో ముందు ఒకదాన్నీ తరువాత రెండోదాన్నీ దొర్లనివ్వండి, కొన్నాళ్లకు పంజరాలే మార్చి దీన్ని దానిలో, దాన్ని దీనిలో ఉంచండి. అవతలిదాని వాసనున్న వస్తువును చూసి పళ్లు టకటకలాడించడం, దాని మీద మూత్రం పోయడం మానేసి, దాని మీదే పడుకోవడం మొదలైందంటే తరువాతి అడుగు వేయవచ్చు. దీనికి వారం పట్టవచ్చు, రెండు నెలలూ పట్టవచ్చు.

మొదటి కలయిక రెండింటికీ కొత్త చోటైన గదిలో జరగాలి. చాలామంది బాత్రూమ్ వాడతారు, అప్పుడు టాయిలెట్ మూత వేసి, దాని వెనక సందులు మూసి, జారకుండా కింద దుప్పటి పరచండి. రెండు వైపులా తెరిచిన అట్టపెట్టెలు రెండు మూడు ఉంచండి. సాయంకాలం అవి చురుగ్గా లేచే వేళ కాకుండా, కాస్త మందంగా ఉండే వేళ ఎంచుకోండి. మీరు తువ్వాలుతో నేల మీదే కూర్చోండి, మీ అమ్మాయిని మొదటి కొన్నిసార్లు దూరంగా ఉంచడం మంచిది, రక్తం చూస్తే తనే భయపడుతుంది. పది పదిహేను నిమిషాలు చాలు. గొడవ వచ్చేదాకా ఉంచి ఆపడం కాదు, ప్రశాంతంగా ఉండగానే ముగించడం ముఖ్యం. పైన చెప్పిన సంభాషణల్లాంటి తగాదాలను జరగనివ్వండి. వీపెక్కినది తల వైపు నుంచి ఎక్కుతుంటే మాత్రం దించేయండి, కింది దాని పళ్లకు మర్మావయవాలు అందుతాయి. ఒకటి తల వంచి రెండోది దాని మెడ, చెవులు దువ్వడం మొదలుపెట్టిందంటే, రెండూ వేర్వేరు మూలల్లో నిర్లక్ష్యంగా ఒళ్లు దులుపుకుంటున్నాయంటే, పని జరుగుతున్నట్టే.

రెండింటినీ ఇరుకు క్యారియర్‌లో కుక్కి, కారులో తిప్పి ‘స్నేహం’ చేయించే పద్ధతి వీడియోల్లో కనిపిస్తే దాని జోలికి పోకండి. భయంతో ఒకదాన్నొకటి అతుక్కుని కూర్చుంటే దాన్ని కలయిక అనుకోవడం మన భ్రమ. టెక్సాస్ కారులో, ఇరుకులో, ఊపిరి వేడిలో అది వడదెబ్బకు దగ్గరి దారి కూడా. మూడోదాన్ని తెస్తే ఈ రెండూ సర్దుకుంటాయన్న సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు, అప్పుడు ఒక్క తగాదా మూడవుతుంది.

బయటి గదిలో వరుసగా కొన్ని వారాలు గంటలకొద్దీ నెమ్మదిగా గడిపాకనే పంజరంలో కలపాలి. పాత పంజరాన్ని పూర్తిగా కడిగి, అరల స్థానాలు మార్చి, ఎవరి వాసనా పాతుకుని లేకుండా చేయండి. శనివారం పొద్దున కలపండి, రెండు రోజులు మీరు ఇంట్లో ఉంటారు. వీటి అసలు జీవితం మీరు నిద్రపోయే వేళ సాగుతుంది కాబట్టి, పసిపిల్లల గదిలో పెట్టే కెమెరా ఒకటి పంజరం ఎదుట పెట్టండి. మొదటి కొన్ని రాత్రులు విడిగా పడుకోబెట్టి పగలు కలపడంలో తప్పులేదు. బరువు పుస్తకం ఆ నెలంతా ఆపకండి.

ఇంత చేసినా కుదరకపోవచ్చు. రక్తం కళ్లజూసిన ఆడ జంటల్లో కొన్ని మళ్లీ ఎన్నటికీ ఒకే పంజరంలో ఉండవు. రెండు మూడు ప్రయత్నాల తరువాత కూడా కొట్లాట అదే స్థాయిలో ఉంటే మానేసి, పంజరాలను శాశ్వతంగా పక్కపక్కన ఉంచండి, బయట తిరగడానికి వేరువేరు వేళలు ఇవ్వండి. అవతలి జంతువు కనబడుతూ, వినబడుతూ, వాసన తగులుతూ ఉంటే చించిల్లా ఒంటరిదై కుంగిపోదు, బాగానే బతుకుతుంది. పదిహేనేళ్లు, కొన్ని ఇరవై ఏళ్లు కూడా బతికే జంతువు ఇది, మీ అమ్మాయి కాలేజీకి వెళ్లాక కూడా ఇవి మీ ఇంట్లోనే ఉంటాయి, కాబట్టి రెండో పంజరం ఖర్చును ఇప్పుడే లెక్కలో వేసుకోండి. రెండు పంజరాలకు చోటు నిజంగా లేనప్పుడే ఒకదాన్ని ఇచ్చే మాట. అప్పుడు కూడా మిరియాన్నే అన్న నిర్ణయం వద్దు. దేన్ని ఇవ్వాలన్నది చించిల్లాలు చూసుకునే రెస్క్యూ సంస్థతో మాట్లాడి, వయసు చిన్నదై కొత్త జోడీతో సులువుగా కలిసేది ఏదో చూసి తేల్చండి.

డిసెంబరు ప్రయాణానికి ముందు కలిపేయాలన్న తొందర మానుకోండి. కొత్తగా కలిసిన జంటను కొత్త మనిషి చేతిలో వదిలి సముద్రాలు దాటడం కంటే, విడివిడిగా ఉన్న రెండింటిని వదిలి వెళ్లడం ఎంతో క్షేమం. కలిపే పని తిరిగి వచ్చాకే మొదలుపెట్టండి. చూసుకునే స్నేహితులకు వెట్ ఫోను నంబరు, థర్మోస్టాట్ అంకె, మేత కొలత కాగితం మీద రాసి పంజరానికి అంటించండి. ‘రెండూ పాపం ఒంటరిగా ఉన్నాయి, కాసేపు కలిపి ఆడిద్దాం’ అని వాళ్ల పిల్లలు అనుకోకుండా, రెండు తలుపులకూ చిన్న తాళాలు వేసి తాళంచెవులు పెద్దవాళ్ల చేతికే ఇవ్వండి.